రికార్డు పుస్తకములోని అంకెయు, కొవ్వు ఆమ్లముల సాక్ష్యమును

డిగ్రీ విద్యార్థుల రికార్డు పుస్తకములను తిరుగవేసినవారికి ఒక వింత కానవచ్చును. అందు నాఫ్తలీను ఎల్లప్పుడును 80 డిగ్రీలయొద్దనే కరగును. బెంజోయిక్ ఆమ్లము 122 డిగ్రీలయొద్దనే కరగును. సరకు పాతదైనను, ధర్మామీటరు చెడినదైనను, ఆనాడు విద్యుత్తు లేకపోయినను, విద్యార్థి ఆనాడు పెండ్లికి పోయియుండినను అవి ఆ అంకెలయొద్దనే కరగును. ఇంతటి క్రమశిక్షణ ప్రకృతికి లేదు. అది పైతరగతివారి పాత రికార్డునకు మాత్రమే కలదు.

ఈ మాట చెప్పుచున్నవాడు రసాయన శాస్త్రోపన్యాసకుడు కాడు, తెలుగు బోధించువాడు. "ఛందస్సు చెప్పుకొనక మీకీ కరగుటల గొడవ యేల మాస్టారూ!" అని సైన్సు విభాగపు మిత్రులు పరిహాసము చేయుదురు. కాని రికార్డు పుస్తకము కూడ ఒక రచనయే గదా! "నేను చూచితిని" అను వాక్యము దాని ప్రతి పుటయందును అవ్యక్తముగా ఉండును. చూడనిదానిని చూచితినని వ్రాయుట వ్యాకరణ దోషము కాకపోవచ్చును. అంతకంటె పెద్ద దోషము. అందుచేత భాషోపాధ్యాయునకు ఈ విషయమున మాటలాడు హక్కు కొంత కలదని నా నమ్మకము. ఆ హక్కుతో ఈ సంచికలో ఒక ప్రతిపాదన చేయుచున్నాను. మన విద్యార్థులు కొవ్వు ఆమ్లములు కరగు వేడిమిని, గడ్డకట్టునప్పుడు అవి విడుచు ఉష్ణమును తమ చేతులతో కొలువవలెను. కొలిచినదానిని తమకు వచ్చిన భాషలో అక్కడికక్కడే వ్రాయవలెను. పుస్తకముతో సరిపడని అంకెకు మార్కులు తగ్గింపరాదు.

కొవ్వు ఆమ్లములే యేల యని అడుగవచ్చును. అవి మన ఇంటివి గనుక. ఒక చివర ఆమ్ల సమూహము, దానికి తోకవలె కార్బను పరమాణువుల గొలుసు - ఇదియే కొవ్వు ఆమ్లము. పండ్రెండు కార్బనుల లారిక్ ఆమ్లము కొబ్బరినూనెలో సుమారు సగము పాలు ఉండును. పదునాలుగు కార్బనుల మిరిస్టిక్ ఆమ్లమునకు జాజికాయనుండి పేరు వచ్చినది. పదునారు కార్బనులది పామిటిక్, పామాయిలు పేరది. పదునెనిమిది కార్బనులది స్టియరిక్. గ్రీకు భాషలో పశువుల కొవ్వునకు గల పేరునుండి పుట్టినది. ఇరువది కార్బనుల అరాకిడిక్ ఆమ్లము వేరుశనగ పేరు మోయుచున్నది. ఇరువదిరెండు కార్బనుల బెహెనిక్ ఆమ్లమునకు మునగగింజల నూనె పేరు. వంటింటి అలమారను, పెరటిని చూచి పెట్టినట్లున్న పేర్లివి. చలికాలపు ఉదయమున కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టిన ప్రతి ఇల్లాలును, నెయ్యి పేరుకొనుటను చూచిన ప్రతి బాలుడును ఈ శాస్త్రపు గుమ్మమున నిలిచినవారే. లోపలికి పిలిచినవారు లేరు.

మొదట ఒక తప్పిపోయిన ఆమ్లము కథ చెప్పవలెను. నా వాదమునకంతటికి అదియే ఆధారము.

ఫ్రాన్సు దేశమున మిషెల్ షెవ్రూల్ అను రసాయనజ్ఞుడు 1786లో పుట్టి 1889 వరకు జీవించెను. నూటరెండేండ్ల ఆయుర్దాయము. ఆయన పేరు ఈఫిల్ గోపురముమీద చెక్కిన డెబ్బదిరెండు పేర్లలో ఒకటి. జంతువుల కొవ్వులను గూర్చి ఆయన వ్రాసిన మహాగ్రంథము 1823లో వెలువడెను. సబ్బునుండి కొవ్వు ఆమ్లములను వేరుపరచి, ఒక్కొక్కదానికి పేరు పెట్టి, అది ఏ వేడిమియొద్ద కరగునో కొలిచెను. ద్రవీభవన స్థానము శుద్ధికి గీటురాయి యన్న సంగతిని శాస్త్రమున నిలువరించినవారిలో ఆయన ముఖ్యుడు. పదార్థమును మరల మరల స్ఫటికములుగా తీయుచు పోయినచో కరగు వేడిమి మారుచు మారుచు ఒకచోట నిలిచిపోవును. ఇక మారనప్పుడు అది శుద్ధమైనదని నిర్ణయము. 1825లో ఆయనయు, గే-లూసాక్ అను మరియొక విజ్ఞానియు కలిసి స్టియరిక్ ఆమ్లపు కొవ్వొత్తులకు పేటెంటు తీసికొనిరి. పొగయు, దుర్వాసనయు గల పాత కొవ్వు దీపము స్థానమున తెల్లని గట్టి కొవ్వొత్తి వచ్చుటకు అది నాంది. (ఇక్కడ ఒక మాట: మన తెలుగు "కొవ్వొత్తి"లో కొవ్వు ఇంకను వెలుగుచున్నది, ఉర్దూ "మోంబత్తీ"లో మైనము వెలుగుచున్నది. నేడు బజారులో దొరకు కొవ్వొత్తులలో చాలవరకు పెట్రోలియము మైనమే గనుక ఈ విషయమున ఉర్దూదే పైచేయి.)

షెవ్రూల్ కనుగొన్నవానిలో ముత్యపు మెరుపు గల ఆమ్లమొకటి ఉండెను. గ్రీకున ముత్యమునకు గల పేరుతో దానికి మార్గరిక్ ఆమ్లమని పేరిడిరి. అది సుమారు 60 డిగ్రీలయొద్ద కరగెను. మూడు దశాబ్దముల కాలము పుస్తకములన్నిటను ఆ పేరు, ఆ అంకె ఉండెను. 1850 దశకమున జర్మను రసాయనజ్ఞుడు హైన్‌ట్స్ ఆ పదార్థమును కొంచెము కొంచెముగా అవక్షేపింపజేసి, ఒక్కొక్క పాలు కరగు వేడిమిని వేర్వేరుగా కొలిచెను. అంకెలు ఒకటిగా లేవు. మార్గరిక్ ఆమ్లమనునది ఒక పదార్థము కాదు. పామిటిక్, స్టియరిక్ ఆమ్లముల మిశ్రమము! శుద్ధమైన పామిటిక్ ఆమ్లము సుమారు 63 డిగ్రీలయొద్దను, స్టియరిక్ ఆమ్లము 69 డిగ్రీలు దాటినపిమ్మటను కరగును. రెంటిని కలిపినచో మిశ్రమము రెంటికంటెను తక్కువ వేడిమియొద్దనే కరగును. పది పాళ్ళలో ఏడు పాళ్ళు పామిటిక్, మూడు పాళ్ళు స్టియరిక్ ఉన్నచో అది 55 డిగ్రీల దరిదాపునకు దిగిపోవును. ఉన్నదానికి ఒకటి చేర్చినచో తగ్గుట - ఇది సామాన్య బుద్ధికి తోచదు. కొలిచినవానికే తోచును.

తరువాత పదునేడు కార్బనుల అసలైన మార్గరిక్ ఆమ్లము రసాయనశాలలో తయారయినది. అది 61 డిగ్రీలయొద్ద కరగుట విధి చేసిన పరిహాసమనవలెను. పాత మిశ్రమపు అంకెకు అంత చేరువ. ఇంతలో, 1869లో ఫ్రాన్సులో వెన్నకు బదులుగా పుట్టిన "మార్గరిన్" ఆ పాత పేరును శాశ్వతము చేసినది.

ఇప్పుడు ఈ కథను మన ప్రయోగశాలలోనికి తెత్తము. బజారున "స్టియరిక్ ఆమ్లము" అను పేర తెల్లని పెళ్ళలుగా దొరకు సరకు సాధారణముగా శుద్ధ స్టియరిక్ ఆమ్లము కాదు. కొవ్వొత్తులకు, సబ్బులకు, రబ్బరునకు వాడు ఆ సరకులో సుమారు సగము పామిటిక్ ఆమ్లమే ఉండును. ఒక విద్యార్థిని దానిని సన్నని గాజు నాళికలో వేసి, నీటి తొట్టెలో మెల్లగా వేడిచేసి, కన్నార్పక చూచి, 55 లేక 56 డిగ్రీలని వ్రాసినదనుకొందము. ప్రక్క బల్లయొద్ద కూర్చున్న విద్యార్థి ఏమియు చేయక పాత రికార్డు చూచి 69.6 అని వ్రాసెననుకొందము. పరీక్షకుడు ఎవరికి మార్కులు వేయును? మీరందరు ఎరిగినదే. సత్యము చెప్పిన బాలిక తప్పినది. అసత్యము వ్రాసిన బాలుడు నెగ్గినాడు. హైన్‌ట్స్ నేడు మన విశ్వవిద్యాలయములలో ప్రాక్టికల్ పరీక్షకు కూర్చుండినచో అతడు కూడ తప్పియుండును.

నా ఆక్షేపణ యంతయు ఇదియే. నకలు వ్రాయుట సోమరితనమువలన మాత్రమే వచ్చుచున్నదని అనుకొనుట పొరపాటు. మనము దానికి బహుమానము ఇచ్చుచున్నాము. బహుమానమిచ్చినదానిని పిల్లలు నేర్చుకొందురు.

కొవ్వు ఆమ్లములు నకలువానికి ఇంకను కష్టమైనవి. గొలుసు పొడవైనకొలది కరగు వేడిమి పెరుగునని పాఠమున చెప్పుదుము. పదిహేను కార్బనులది 52, పదునారు కార్బనులది 63, పదునేడు కార్బనులది 61, పదునెనిమిది కార్బనులది 69. చూచితిరా? పదునారునుండి పదునేడునకు పోవునప్పుడు పెరుగుటకు బదులు తగ్గినది. సరి సంఖ్య గలవి ఎక్కువ వేడిమియొద్దను, బేసి సంఖ్య గలవి తక్కువ వేడిమియొద్దను కరగుచు, మెట్లమీద ఒక అడుగు పైకి, అర అడుగు క్రిందికి వేసినట్లుండును. ఈ సరి బేసి ఆటను 1877లో అడోల్ఫ్ ఫాన్ బాయర్ గుర్తించెను. కారణము తెలియుటకు ఎక్స్ కిరణములు రావలసివచ్చెను. 1920 దశకమున లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మ్యూలర్, షియరర్ మొదలగువారు ఈ స్ఫటికములను పరీక్షించిరి. గొలుసులు పొరలు పొరలుగా పేర్చుకొనియుండును. సరి సంఖ్య గల గొలుసుల చివరలు ఎదుటి పొర చివరలతో చక్కగా అమరును. బేసి సంఖ్య గలవి అంత చక్కగా అమరవు. కరగి ద్రవమైనపిమ్మట పొరలు లేవు. సరి బేసి భేదము కూడ లేదు. మరిగెడు వేడిమి మాత్రము గొలుసుతోపాటు నిదానముగా పెరుగుచునే పోవును. ఇది చదివినప్పుడు నాకు పద్యపాదములలోని గణముల కూర్పు జ్ఞప్తికి వచ్చినది. కాని ఉపమానము నా వృత్తి చాపల్యము, దానిని విడిచెదను.

కరగు వేడిమిని కొలుచుట ఒక మెట్టు. కరగుటకు ఎంత ఉష్ణము పట్టునో కొలుచుట తరువాతి మెట్టు. ఉష్ణగతిక శాస్త్రము నిజముగా అక్కడ మొదలగును. జోసెఫ్ బ్లాక్ 1760 ప్రాంతమున గ్లాస్గోలో బోధించిన సంగతి మనకు తెలిసినదే: మంచు కరగుచున్నంతసేపు ఎంత వేడి ఇచ్చినను ధర్మామీటరు కదలదు. ఆ వేడి దాగియున్నది. తెలుగున దానిని గుప్తోష్ణమందుము. ఉర్దూలో మఖ్ఫీ హరారత్. రెండు భాషలును ఆ దాగుడుమూతలనే పట్టుకొన్నవి. పేర్లు తెలిసిన మన పిల్లలు దాగినదానిని ఎన్నడును పట్టి చూడలేదు.

చూచుటకు ఏమి కావలెను? ఇంటర్మీడియట్ ప్రయోగశాలలలో ఉండు రాగి కెలోరీమీటరు చాలును. అందులో 30 డిగ్రీల నీరు 100 గ్రాములు పోయవలెను. వేరుగా, పలుచని పరీక్షనాళికలో 20 గ్రాముల స్టియరిక్ ఆమ్లమును కరగించి 75 డిగ్రీలకు తెచ్చి, నాళికను ఆ నీటిలో ముంచవలెను. దానికి ముందు ఒక పోలిక చేయవలెను: అదే 75 డిగ్రీల వేడినీరు 20 గ్రాములు ఆ చల్లని నీటిలో పోసినచో లెక్కప్రకారము నీరు ఏడున్నర డిగ్రీలు మాత్రమే వేడెక్కును. స్టియరిక్ ఆమ్లపు విశిష్టోష్ణము నీటిదానిలో సగము మాత్రమే గనుక, సుమారు నాలుగు డిగ్రీలు మాత్రమే పెరుగునని విద్యార్థి ఊహించును. కాని నీరు పదునొకటి, పండ్రెండు డిగ్రీలు పెరుగును. ఆ ఎక్కువ వేడి యెచ్చటినుండి వచ్చినది? ద్రవము గట్టిపడుచు విడిచినది. దాగిన దొంగ బయటపడినాడు. ఆవిరియై, గాలిలో కలిసి పోయిన ఉష్ణమునకు న్యూటను సూత్రముచొప్పున సవరణ చేసినచో ఒక గ్రామునకు సుమారు 200 జౌళ్ళని తేలును. శుద్ధ స్టియరిక్ ఆమ్లమునకు సుమారు 215 జౌళ్ళు, పామిటిక్ ఆమ్లమునకు సుమారు 210, లారిక్ ఆమ్లమునకు సుమారు 180 అని గ్రంథములు చెప్పును. మన రాగి గిన్నె పది పాళ్ళు అటునిటు తప్పవచ్చును. తప్పనిమ్ము! ఎందుచేత తప్పినదో వ్రాయగల విద్యార్థికి ఆ పది పాళ్ళే చదువు.

ఇదే కొలతను మహానిపుణులు ఎట్లు చేసిరో కూడ మన పిల్లలకు చెప్పవలెను. లేకున్న రాగి గిన్నెయే సర్వస్వమనుకొందురు. 1920 దశకమున ఇంగ్లండులో గార్నర్, ఆయన సహచరులు కొవ్వు ఆమ్లముల స్ఫటికోష్ణములను వరుసగా కొలిచి, సరి బేసి భేదము ఉష్ణమునందును కలదని చూపిరి. 1965లో హాలండు దేశమున ఆడ్రియాన్సే, డెకర్, కోప్స్ అనువారు ఈ ఆమ్లముల దహనోష్ణములను ప్రకటించిరి. ఒక గ్రాము స్టియరిక్ ఆమ్లము పూర్తిగా మండినచో సుమారు 39 కిలోజౌళ్ళ పైచిలుకు వెలువడును. గ్లూకోజు అయినచో 16 కూడ రాదు. మన శరీరము ఆకలి దినములకు కొవ్వునే యేల దాచుకొనునో ఈ రెండు అంకెలు చెప్పుచున్నవి. 1982లో అదే దేశమున ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయమునందు షాకే, వాన్ మిల్టెన్‌బర్గ్, డి క్రైఫ్ అనువారు ఈ ఆమ్లముల ఉష్ణధారణములను, ద్రవీభవనోష్ణములను అడియాబాటిక్ కెలోరీమీటరుతో కొలిచి ప్రకటించిరి. ఆ యంత్రపు యుక్తి వినుటకు సులభము, చేయుటకు దుర్లభము. పదార్థమున్న పాత్రచుట్టు కవచములుండును. పాత్ర వేడిమి యెంత పెరిగినచో కవచముల వేడిమియు అంతే పెరుగునట్లు చూతురు. లోపలికి, వెలుపలికి భేదము లేనప్పుడు వేడి యెటు పారును? ఎటును పారదు. అప్పుడు తీగద్వారా కొలిచి ఇచ్చిన విద్యుచ్ఛక్తి యంతయు పదార్థమునకే చేరును. ఇచ్చినది తెలియును, పెరిగినది తెలియును; భాగహారము చేయుటయే తరువాయి. ఈ విధానమున మరియొక మేలు కూడ కలదు. పదార్థము కొంచెము కొంచెముగా కరగు తీరునుబట్టి అందులో ఎంత మాలిన్యము ఉన్నదో లెక్కకట్టవచ్చును. షెవ్రూల్ గీటురాయియే, ఇంత సూక్ష్మమైనది.

ఆ కొలతలనుండి ఒక చక్కని సంగతి తేలుచున్నది. గొలుసున ఒక్కొక్క కడియము చేరినకొలది, ఒక మోలు కరగుటకు సుమారు నాలుగు కిలోజౌళ్ళు ఎక్కువ కావలెను. స్టియరిక్ ఆమ్లమునకు మోలు ఒక్కింటికి సుమారు 61 కిలోజౌళ్ళు. దానిని పరమ ఉష్ణోగ్రతతో భాగించినచో ఎంట్రోపీ పెరుగుదల వచ్చును. అది మంచు కరగునప్పటి పెరుగుదలకు ఎనిమిది రెట్లు. ఘనరూపమున నిటారుగా బిగిసి నిలిచిన పదునెనిమిది కార్బనుల గొలుసు, కరగిన క్షణమున ప్రతి కీలునొద్దను వంగుటకు, తిరుగుటకు స్వేచ్ఛ పొందును. ఆ స్వేచ్ఛకు అంకె యిది. ఎంట్రోపీ అనగా నేమని అడిగినచో "క్రమరాహిత్యము" అని ఒక్క మాటను కంఠస్థము చేసి అప్పగించు విద్యార్థులు మనకు వందలకొలది కలరు. ఈ గొలుసును ఒకసారి మనస్సున చూచినవాడు ఆ మాటను కంఠస్థము చేయనక్కరలేదు.

సూక్ష్మ పరికరము లేనిదే పరిశోధన లేదని వాదించువారికి ఒక స్త్రీ చరిత్ర చెప్పెదను. ఆగ్నెస్ పాకెల్స్ 1862లో పుట్టి జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున పెరిగెను. ఆ కాలమున అక్కడి స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. తల్లిదండ్రులకు సేవచేయుచు, వంటపాత్రలు కడుగుచు, జిడ్డునీటి పైపొరను గమనించెను. రేకు తొట్టె ఒకటి, నీటిపై జరుపుటకు రేకు పట్టీ ఒకటి, ఒక గుండీ, ఒక చిన్న త్రాసు - వీనితో నీటి పైపొర బిగువును కొలిచెను. భౌతిక శాస్త్రము చదువుచున్న తమ్ముడు పుస్తకములు పంపెడివాడు. 1891లో తాను కనుగొన్నదానిని ఇంగ్లండులోని రేలే ప్రభువునకు జాబుగా వ్రాసెను. ఏ భాషలో? తన జర్మను భాషలో. రేలే భార్య దానిని ఆంగ్లమునకు అనువదించెను. రేలే దానిని "నేచర్" పత్రికకు పంపి అచ్చువేయించెను. తరువాత 1917లో అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అట్టి తొట్టెనే సరిదిద్ది, నీటిపై పరచిన కొవ్వు ఆమ్లపు అణువులు గొలుసు పొట్టిదైనను పొడుగుదైనను దాదాపు అంతే చోటు ఆక్రమించుచున్నవని చూపెను. అనగా అవి ఆమ్లపు తల నీటిలో ఉంచి, తోక పైకెత్తి నిలుచున్నవి. ఆయనకు 1932లో నోబెల్ బహుమానము వచ్చినది. అదే సంవత్సరమున బ్రౌన్‌ష్వైగ్ విద్యాసంస్థ పాకెల్సునకు గౌరవ డాక్టరేటు ఇచ్చినది. ఆమెకు అప్పటికి డెబ్బదేండ్లు.

ఈ చరిత్రలో వంటింటి తొట్టెనే అందరు మెచ్చుకొందురు. నేను ఆ జాబు భాషను మెచ్చుకొందును. ఆమె చూచినదానిని తనకు వచ్చిన మాటలలో వ్రాసినది. అనువాదపు పని మరియొకరిది. మన కళాశాలకు వచ్చు పిల్లలలో అనేకులు ఉర్దూ మాధ్యమమునుండియో తెలుగు మాధ్యమమునుండియో వచ్చుచున్నారు. ఇంగ్లీషు రికార్డునందలి వాక్యము వారికి సొంతముగా కట్టరాదు. అందుచే పాత రికార్డులోని వాక్యమును ఎత్తి వ్రాయుదురు. వాక్యమును ఎత్తి వ్రాసినవాడు దాని ప్రక్కనున్న అంకెను మాత్రము విడిచిపెట్టునా? నకలు మొదలగునది భాషయొద్ద, అంకెయొద్ద కాదు. సైన్సు మిత్రులు ఈ సంగతిని గమనింపవలెనని నా విన్నపము.

మన భాషలకు శక్తి చాలదనువారు తమ నగర చరిత్రను మరచినవారు. 1917లో హైదరాబాదున దారుత్తర్జుమా నెలకొని, మరుసటి యేట వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. అంతకు ముందే, 1906లో, అదే నగరమున కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి తెలుగున శాస్త్రము చెప్పించిరి. 1968లో తెలుగు అకాడమి వచ్చినది. ఆమ్లమనగా పులుసు, ఉర్దూ "తుర్షా" అనగా కూడ పులుపే. మాటలు లేకపోలేదు. ఆ మాటలను ప్రయోగశాల బల్లమీదికి రానీయలేదు.

పరిశోధనయు మనకు పరాయిది కాదు. 1944లో హైదరాబాదు సంస్థానమున మొదలైన కేంద్ర ప్రయోగశాల తరువాత ప్రాంతీయ పరిశోధనశాలయై, నేడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీగా ప్రసిద్ధమైయున్నది. నూనెలు, కొవ్వుల పరిశోధన అక్కడ ఒక ముఖ్య శాఖ. 1962లో దేశపు శాస్త్ర పరిశోధన మండలికే అధిపతియైన డాక్టర్ సయ్యద్ హుస్సేన్ జహీర్ అంతకు ముందు ఆ ప్రయోగశాలకు డైరెక్టరు. మన భారతీయ ఆహారచరిత్రను వ్రాసిన కె.టి. అచ్చయ అక్కడ నూనెలమీద పనిచేసినవాడే. అనంతపురమున నూనెలకై ప్రత్యేక పరిశోధనసంస్థ కలదు. పాలమూరు, నల్లగొండ చేలలో పండు ఆముదపు నూనెలో అధికభాగమైన రిసినోలిక్ ఆమ్లము ఇంచుమించు 5 డిగ్రీలకే కరగునంత మెత్తనిది. ఓలిక్, ఎలాయిడిక్ ఆమ్లములలో పరమాణువులన్నియు సమానమే. గొలుసు నడుమ ఒక్క మెలిక తేడా. ఆ తేడాకు ఒకటి 13, 16 డిగ్రీల నడుమ కరగగా, మరియొకటి 44 దాటినగాని కరగదు. ఆ రెండవ తీరు కొవ్వును నూటికి రెండు పాళ్ళు మించనీయరాదని ప్రభుత్వము 2022 జనవరినుండి నియమము చేసినది. మెలికకు కూడ చట్టము వచ్చినది! ఇక కొవ్వు ఆమ్లములను గోడలలోను, పెట్టెలలోను నింపి పగటి వేడిని రాత్రికి దాచు ప్రయత్నములు అనేక దేశములలో జరుగుచున్నవి. గ్రామునకు 200 జౌళ్ళను దాచగల గుప్తోష్ణమే దానికి మూలధనము.

మన కళాశాల కమిటీ పెద్దలు రెండు అభ్యంతరములు చెప్పవచ్చును. ఒకటి: పరికరములకు ధనము లేదు. డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటరు అను యంత్రము కొన్ని మిల్లీగ్రాముల సరకుతో నిమిషములలో ఈ కొలత చేయును. దానికి లక్షల రూపాయలు పట్టును. అది మనకు ఇప్పుడు అక్కరలేదు. అది వచ్చువరకు ఏమియు చేయరాదనుటయే నేను ఒప్పుకొనలేనిది. రెండు: ఫలితములు చెడును, మార్కులు తగ్గును. ఈ భయము సత్యమైనదే, తేలికగా త్రోసివేయను. విశ్వవిద్యాలయపు పరీక్షకుడు మన మాట వినకపోవచ్చును. కనుక విశ్వవిద్యాలయపు రికార్డు జోలికి పోనక్కరలేదు. మన కళాశాలలోపలి మార్కులు మన చేతిలోనివే. వానిలో కొన్నిటిని పరిశీలన పుస్తకమునకు కేటాయించి, అందు కలముతో, తెలుగున గాని ఉర్దూలో గాని, బల్లయొద్దనే వ్రాసిన పుటపై ఉపన్యాసకుడు ఆ గంటయందే సంతకము చేయవలెను. కొట్టివేతలు ఉండనిమ్ము. శుభ్రముగా ఉన్న పుటనే నేను అనుమానింతును.

భాషాశాఖవారముగా మేము చేయగలది కూడ ఒకటి కలదు. ప్రతి శనివారము మధ్యాహ్నము ఉర్దూ ఉపన్యాసకులును నేనును ప్రయోగశాలకు వచ్చి కూర్చుందుము. మాట దొరకని విద్యార్థికి మాట చెప్పుదుము. అంకె మాత్రము చెప్పము.

కావలసిన సరకుల పట్టిక ఇది: బజారు స్టియరిక్ ఆమ్లము రెండు కిలోలు, శుద్ధ స్టియరిక్, పామిటిక్, లారిక్ ఆమ్లములు ఒక్కొక్కటి నూరు గ్రాములు, పదవ వంతు డిగ్రీ చూపు ధర్మామీటర్లు ఆరు, పలుచని పరీక్షనాళికలు రెండు డజనులు, కరగు వేడిమి చూచుటకు సన్నని గాజు నాళికలు ఒక పెట్టె, గీతల కాగితములు. రాగి కెలోరీమీటర్లు ఫిజిక్సు గదిలోని చెక్క బీరువా క్రింది అరలో నాలుగు ఉన్నవి. వానిని తోమించవలెను.